ఒక పక్కే విప్పిన కుట్టు

మొన్న శుక్రవారం పొద్దున్న మిషను ముందు కూర్చుని బాబిను చుట్టుకుంటుంటే, మా వీధి చివరింట్లో డిగ్రీ చదివే పిల్ల పట్టు జాకెట్టు గుడ్డ పట్టుకొచ్చింది. వెనక మెడ ఎంత దించమంటావమ్మా అనడిగితే, దించొద్దక్కా, పైకే పెట్టు, కాలరు పెట్టినా పర్లేదు అంది. ఈ కాలం పిల్లలు వీపంతా కనపడేలా కోయించుకుని తాళ్ళూ లోలాకులూ వేలాడదీయించుకుంటుంటే ఈ పిల్లేంటి ఇలాగంటోంది అనుకుంటూ, టేపు వేద్దామని దాని జడ పక్కకి జరపబోయేను. చటుక్కున చెయ్యి అడ్డం పెట్టేసింది. ఆ చెయ్యి పెట్టిన తీరు చూసేసరికి నాకు సంగతి తెలిసిపోయిందండి, ఎందుకంటే పన్నెండేళ్ళ కిందట ఆ చెయ్యి నాదే.

నేనింక ఏమీ అడక్కుండా నా జడ ముందుకేసుకుని, వెనక్కి తిరిగి నా మెడ చూపించేను. అక్కడ వేలి గోరంత పొడుగున తెల్లటి గీత ఒకటుంటుంది, ఎండలో చూస్తే గానీ కనపడదు. ఇదేంటక్కా అంటే, కాయ దింపిన చోటు అన్నాను. దానికి అర్థం కాలేదు పాపం. అర్థమయ్యేలా చెప్పి, అమలాపురంలో ఎక్కడికెళ్ళాలో, ఎవర్ని కలవాలో చీటీ రాసిచ్చి పంపించేను గానీ, అది వెళ్ళాక కత్తెర చేతిలో పట్టుకుని ఎంతసేపు కూర్చున్నా గుడ్డ మీదికి మనసు పోలేదు. అందుకే ఇది రాస్తన్నాను. నా ఈడు వాళ్ళందరికీ ఇలాంటిదొకటి ఎక్కడో ఒక చోట ఉండే ఉంటుంది, ఒంటి మీద కాకపోతే ఇంట్లోనన్నా.

మాది ముమ్మిడివరం దాటేక మురమళ్ళ వెళ్ళే దారిలో, కాలవ పక్కనున్న ఊరు. అరెకరం కొబ్బరితోట, కౌలుకి కాస్త వరి. నేను పదో తరగతి గట్టెక్కి, ఇంటరు ఒక ఏడాది వెలగబెట్టి, లెక్కలకీ నాకూ పడదని తేలిపోయాక అమలాపురంలో ఒకావిడ దగ్గర కుట్టుపని నేర్చుకున్నాను. ఆవిడ కుట్టు ఒంకర పోతే తిట్టేది కాదండి, మొత్తం విప్పించేది. విప్పడం నేర్చుకున్నోళ్ళకే కుట్టడం వస్తుందనేది. ఆ మాట తర్వాత నాకు ఎక్కడ పనికొచ్చిందో చెప్తాను.

నా మెడ వెనకాల, జడ మొదట్లో ఒక పులిపిరి ఉండేది. మొదట ఆవగింజంతే. తర్వాత మిరియమైంది. ఇరవయ్యో ఏడు వచ్చేసరికి శనగగింజంతయ్యి, పైన గరుగ్గా తయారయ్యింది. మా ఇంట్లో దాన్నెవరూ పులిపిరి అనేవాళ్ళు కాదు, కాయ అనేవారు. కొబ్బరి మీద బతికేవాళ్ళం కదండీ, గుండ్రంగా ఉన్నదేదైనా మాకు కాయే.

మా మామ్మ, అంటే నాన్నకి అమ్మ, దానికి చెయ్యని వైద్యం లేదు. సున్నం రాసింది, అది చుట్టుపక్కల చర్మం కాల్చింది గానీ కాయని కదపలేదు. ఐనవిల్లి వినాయకుడికి మొక్కింది. గుర్రం తోక వెంట్రుకతో మొదట్లో బిగించి కడితే రాలిపోతుందని ఎవరో చెప్తే, ముమ్మిడివరంలో పెళ్ళి ఊరేగింపుకి గుర్రం వచ్చిందని తెలిసి నాన్నని పంపించింది. మా నాన్న మాట మెత్తన, మొహమాటం ఎక్కువ. ఆ గుర్రం ఆయన చుట్టూ రెండు సార్లు తిరిగేరంట ఎలాగడగాలో తెలియక, చివరికా గుర్రపాయనే, ఎక్కుతారాండీ అనడిగేడంట. ఎలాగైతేనేం నాలుగు వెంట్రుకలు కాగితంలో చుట్టుకొచ్చేరు. కట్టిన రెండో రోజుకి కాయ నేరేడుపండులా కమిలిపోయింది, మూడో రోజుకి నేను తలెత్తలేకపోయేను, నాలుగో రోజు వెంట్రుక జారిపోయింది. కాయ మాత్రం చెక్కు చెదరలేదు.

డాక్టరు దగ్గరికి వెళ్దామంటే మామ్మ ఒప్పుకునేది కాదు. కాయకి కత్తి తగిలితే పాకుతుందనేది ఆవిడ. మా అమ్మకి సొంత అక్క, అంటే నాకు పెద్దమ్మ, నా చిన్నప్పుడు రొమ్ములో గడ్డకి ఆపరేషను చేయించుకుని ఏడాది తిరక్కుండా పోయింది. గడ్డ ముదిరేక చూపించుకుంది, అందుకు పోయింది. కానీ ఇంట్లో అందరికీ మిగిలిన మాట మాత్రం కత్తి తగలబట్టి పోయిందనే. మామ్మ ఆ మాట పైకే అనేది. అమ్మ అనేది కాదు. అననివాళ్ళ భయం ఎంత లోతో మనకి తెలీదు కదండీ.

టైలర్లం టేపు ఎక్కడ పెట్టుకుంటాం? మెళ్ళోనే కదా. ఆ టేపు అంచు రోజంతా కాయకి రాసుకుని రాసుకుని, ఒకరోజు ఒకళ్ళ జాకెట్టు తెల్ల లైనింగు మీద ఎర్రటి చుక్క పడింది. సూది గుచ్చుకుందేమో అనుకుని వేళ్ళన్నీ చూసుకున్నాను. వేళ్ళకేం లేదు. మెడ తడిమితే తడి. అప్పుడే అన్నం తినమని పిలవడానికొచ్చిన అమ్మ ఆ చుక్కని చూసింది, నన్ను చూసింది, ఆ లైనింగు తీసుకెళ్ళి నీళ్ళలో జాడించి ఆరేసింది. మర్నాడు పొద్దున్నే నన్ను అమలాపురం బస్సెక్కించింది. మామ్మకి దారం కొనడానికని చెప్పింది.

ఆ డాక్టరమ్మ నెమ్మదస్తురాలు. అద్దం పెట్టి చూసి, చిన్నదేనమ్మా, అరగంట పని, ఆ చోటుకే మత్తిస్తాం, రక్తం వచ్చింది కాబట్టి తీసిన ముక్కని కాకినాడ పంపించి పరీక్ష చేయిద్దాం, పది రోజుల్లో తెలుస్తుంది అంది. పరీక్ష అన్న మాట దగ్గర అమ్మ వైపు చూస్తే తను నా వైపు చూడట్లేదు, డాక్టరమ్మ బల్ల మీదున్న కత్తెరలు చూస్తోంది.

బుధవారం రమ్మన్నారు. ముందు రక్తం, షుగరు, బీపీ అన్నీ చూసేరు. మెడ కనపడేలా వదులు జాకెట్టు వేసుకు రమ్మంటే, ముందు హుక్కులతో, మెడ బాగా దించి ఒక నూలు జాకెట్టు నాకు నేనే కుట్టుకున్నాను. సొంతానికి కుట్టుకున్న జాకెట్టుల్లో అంత శ్రద్ధగా కుట్టింది అదొక్కటే. ఇంక వారం పాటు తలస్నానం ఉండదు కాబట్టి మంగళవారం అమ్మ కుంకుడుకాయలు కొట్టి తలంటు పోసింది. పోస్తూ కాయ దగ్గరికొచ్చేసరికి చెయ్యి మెల్లగా చేసి, చుట్టూ వేలితో సున్నా చుట్టి వదిలేసేది. అమ్మకి నా ఒంట్లో ఎక్కడేం మచ్చుందో, ఎక్కడేం గీరుకుందో అన్నీ తెలుసు. పుట్టినప్పట్నుంచీ నూనె రాసిన చేతులు కదండీ.

ఇప్పుడు పెద్ద చిక్కు ఊరితోటి. మెడ మీద కాయ, ఆపరేషను అని బైటికి పొక్కిందంటే సాయంత్రానికి బ్రెడ్డు పొట్లాలూ బత్తాయిలూ పట్టుకుని వీధి వీధంతా దిగుతుంది, వచ్చిన ప్రతివాళ్ళూ ఇలాంటి కాయతోనే పోయినవాళ్ళ కథ ఒకటి చెప్పి వెళ్తారు. మామ్మకి తెలిస్తే ఇంక గుమ్మం దాటనివ్వదు. అందుకని అమ్మ ఒక ఉపాయం కనిపెట్టింది. రేపు కాయ దింపు అని చెప్దాం, అబద్ధమేముంది ఇందులో, దింపేది కాయే కదా అంది. మా వైపు కొబ్బరి చెట్టెక్కి కాయలు కోసి దించడాన్ని దింపంటాం. నెలన్నరకోసారి ఉంటుంది. రేపు దింపు మీద అమలాపురం షావుకారు దగ్గరికి వెళ్ళొస్తామని మామ్మకి చెప్పింది, అదే మాట పక్కింటి పిన్నికి కూడా చెప్పింది.

పక్కింటి పిన్ని మా చుట్టం కాదు గానీ చుట్టం కన్నా ఎక్కువ. దింపంటే సాయం చెయ్యాలి కదా అని, దింపు చేసే ఆయనకి తనే కబురు పంపించేసింది.

బుధవారం పొద్దున్న మేం ముగ్గురం చెప్పులేసుకుని గేటు దగ్గరికొచ్చేసరికి, ఆయన కాళ్ళకేసుకునే బంధం భుజానికీ, కత్తి నడుముకీ పెట్టుకుని నవ్వుతా నించున్నాడు.

"దింపన్నారంట కదండీ. పొద్దెక్కితే ఎండ ముదురుతుందని ముందే వచ్చేసేనండి."

నాన్న మొహం చూడాలి. "ఆయ్... అంటే... దింపేనండి... కానీ ఆ దింపు కాదు..."

"ఏ దింపండీ మరి?"

వెనక వీధరుగు మీద నుంచి మామ్మ అందుకుంది. "వీడికి చెట్లు కూడా తెలీకుండా పోయినాయేంట్రా. దింపంటే దింపే. ఎక్కించరా."

"మొన్ననే కదండీ దింపేం, ఇరవై రోజులు కాలేదు. లేత కాయలుంటాయేమోనండి," అన్నాడాయన, చెట్ల వైపు చూసి తల గోక్కుంటా.

అమ్మ నాన్న వైపు ఒక చూపు చూసింది. ఆ చూపుకి మా ఇంట్లో అర్థం, నువ్వుండిపో. నాన్న మెడ వంచుకుని చెప్పులు విప్పేసి, "ఎక్కండి బాబూ, ముదిరినవేవో చూసి దించండి," అన్నారు. మేమిద్దరం బస్సెక్కేం. కిటికీలోంచి చూస్తే మొదటి గెల ధబ్బున పడింది. నవ్వాపుకోలేక నేను అమ్మ భుజం మీద తల వాల్చేస్తే, అమ్మ చటుక్కున ముందుకి జరిగింది. మెడ జాగర్త అంది. నా మెడ కోసమే జరిగిందనుకున్నాను.

అలాగ నాన్న ఆగిపోబట్టి ఆస్పత్రిలో అమ్మా నేనే మిగిలేం. ఆపరేషనంటే పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకూడదని అమ్మ నన్ను ఖాళీ కడుపుతో తీసుకెళ్తే, డాక్టరమ్మ కోప్పడి, దీనికి తిని రమ్మన్నాను కదమ్మా అని వెనక్కి పంపి నాలుగిడ్లీలు తినిపించింది. తిని వచ్చేక అమ్మ అడగడం మొదలెట్టింది చూడండి, పొలం కొనేవాడు కూడా అన్ని ప్రశ్నలు వెయ్యడు. ఎంత లోతు కోస్తారండి. మత్తు మధ్యలో దిగిపోతే ఎలాగండి. ఎన్నాళ్ళు బరువెత్తకూడదండి. చెయ్యి పైకెత్తి నీళ్ళు తోడుకోవచ్చాండి.

"వీపు మీదైతే పడుకోడానికి ఎలాగండి?" అంది మధ్యలో.

"మీ అమ్మాయికి మెడ మీదే కదమ్మా," అంది డాక్టరమ్మ.

"ఆయ్, మెడ మీదేనండి. మాట వరసకి."

"కంగారు పడకండి. చిన్నది."

"చిన్నది కాకపోతేనో అండి? ఆరేళ్ళ నుంచీ ఉన్నదైతే?"

"ఇది మూడేళ్ళ నుంచే అన్నారు కదా."

భయానికి అమ్మకి లెక్కలు తప్పుతున్నాయనుకుని నేను కిసుక్కున నవ్వేనండి. ఆ నవ్వు ఇప్పటికీ నాకు గుర్తొస్తుంది, వచ్చినప్పుడల్లా సిగ్గేస్తుంది.

బోర్లా పడుకోబెట్టి, మధ్యలో కన్నమున్న పచ్చ గుడ్డ కప్పేరు. చల్లగా మందు రాసేరు. మత్తు సూది గండుచీమ కుట్టినట్టు చురుక్కుమంది, తర్వాతింక అక్కడ నా మెడే లేనట్టయిపోయింది. నొప్పి లేదు గానీ లాగడం తెలుస్తోంది, కత్తెర చప్పుడు తెలుస్తోంది. కత్తెర చప్పుడు నాకు కొత్తేం కాదు కదా, దాన్నే వింటూ పడుకున్నాను. చిన్న కత్తెర, పదునైంది, గుడ్డని నలపకుండా కోసే రకం. కుడుతున్నానమ్మా అంటే, ఎన్ని కుట్లండీ అనడిగేను. నాలుగంది. లేచేక నర్సమ్మ ఫోనులో ఫోటో తీసి చూపిస్తే, నాలుగూ నల్లదారంతో ఎడమెడంగా, ఒక్కోటీ విడిగా ముడేసున్నాయి. ఇంత దూరం కుట్టు నాకు కుట్టు నేర్పిన మేడమ్ గారు చూస్తే విప్పించేస్తారండీ అన్నాను. డాక్టరమ్మ చేతి తొడుగులు తీస్తా నవ్వి, ఎనిమిదో రోజు రా, నేనే విప్పుతాను అంది. కాయని చిన్న సీసాలో వేసి చూపించేరు. అంత ఏడిపించిందీ, సీసా అడుగున నానబెట్టిన శనగగింజలా ఉంది. అమ్మ ఆ సీసాని వెలుతురికి పెట్టి చాలాసేపు చూసింది.

ఇంటికొచ్చేసరికి వాకిట్లో లేత కాయల గుట్ట, దాని పక్కన నాన్న, అరుగు మీద మామ్మ. నా మెడ మీద పట్టీ చూడగానే మామ్మకి దింపంటే ఏంటో అర్థమైపోయింది. తిట్టింది. నన్ను కాదు, అమ్మని. కడుపున పుట్టిందాన్ని తీసుకెళ్ళి కత్తికి అప్పజెప్పేవా, మీ అక్కని చూసేక కూడానా అంది. అమ్మ కొంగు నడుముకి దోపుకుని పొయ్యి దగ్గరికెళ్ళిపోయింది. తిట్టడం అయ్యేక మామ్మ నా పథ్యం తన చేతిలోకి తీసుకుంది. వంకాయ చీము పట్టిస్తుంది, గోంగూర దురద, గుమ్మడికాయ వాతం, చేప అసలొద్దు. డాక్టరమ్మ అన్నీ తినమందే అంటే, ఆవిడ కోసింది, ఆవిడ పని అయిపోయింది, మానడం నా పనంది. వారం రోజులు బీరకాయ కూర, మిరియాల చారు, అప్పడం. మా అమ్మ మాత్రం మామ్మ చూడకుండా చారన్నం అడుగున కోడిగుడ్డు పెట్టేది. ఇద్దరి వైద్యమూ జరిగింది నాకు.

మెడ వంచకూడదు కాబట్టి మిషను ఎక్కడానికి లేదు. మాటలాడకుండా ఉండమంటే ఉంటాను గానీ చేతులూరుకోవు నాకు. పెరట్లో మంచమేసుకుని, తల నిలబెట్టి, అలా చూస్తా కూర్చునేదాన్ని. కాకినాడ నుంచి ఏం వస్తుందోనని లోపల ఒక గుబులుండేది, అది పైకి అనకుండా కబుర్లు చెప్పేదాన్ని. అమ్మ నా జడ మెడకి తగలకుండా పక్కకేసి అల్లేది, పట్టీ తడవకుండా గుడ్డ అడ్డం పెట్టి నీళ్ళు పోసేది. రోజూ పొద్దున్న, నొప్పుందా, నిన్నటికన్నా తగ్గిందా, పక్కకి తిరిగితే లాగుతోందా అని అడిగేది. అడిగి, నేను చెప్పింది గుర్తు పెట్టుకుంటున్నట్టు కాసేపు ఆగేది.

అయిదో రోజు అనుకుంటా, దండెం మీద అమ్మ జాకెట్టు తిరగేసి ఆరేసుంది. ఆకుపచ్చది, నేనే కుట్టేను. ఎదురుగా ఉంటే దాని మీదే చూపు పడింది. మన కుట్టు మనకి తెలుస్తుంది కదండీ. విప్పించి విప్పించి నేర్పినావిడ పుణ్యమా అని, విప్పిన కుట్టూ తెలుస్తుంది. కుడి పక్క కుట్టు నాది, మిషను కుట్టు, తిన్నగా. ఎడమ పక్క చంక కింద నుంచి నడుం దాకా నా కుట్టు విప్పేసి, లోపలున్న గుడ్డ వదిలి, చేత్తో వేసిన కుట్టు. ఒంకర టింకరగా. చీకట్లో కూర్చుని కుట్టినట్టు.

మంచం దిగి వెళ్ళి అల్మారాలో మిగతావి తీసి చూసేను. అన్నిటికీ అంతే. ఎడమ పక్కే.

ఒళ్ళొస్తే రెండు పక్కలా బిగుతవుతుంది. ఎవరైనా రెండు పక్కలా విప్పుకుంటారు. ఒక పక్కే ఎందుకు విప్పుకుంటారండి?

ఇంకో సంగతి అప్పుడు తట్టింది. నేను కుట్టు నేర్చుకున్న దగ్గర్నుంచీ అమ్మ ఎప్పుడూ టేపు వెయ్యనివ్వలేదు. ఆది జాకెట్టిచ్చేది. మీకు తెలుసు కదా, కొలతలకి బదులు ఒంటికి సరిపోయే పాత జాకెట్టు ఒకటిస్తాం, దాన్ని బట్టి కొయ్యమని. ఊళ్ళో సగం మంది అదే ఇస్తారు. అమ్మది మెరూను రంగుది, ఎప్పటిదో. కొలత నాకు నోటికొచ్చు, ఇంకా ఆదెందుకే అని నేనూ ఎప్పుడూ అనుకోలేదు. ఊళ్ళో వాళ్ళందరి వీపులూ కొలిచేను గానీ మా అమ్మ వీపు ముట్టుకోలేదు. తను మాత్రం నా ఒళ్ళు పుట్టుమచ్చలతో సహా కంఠతా పట్టింది. అమ్మ వీపు ఎవరు చూస్తారండి?

మధ్యాహ్నం నా జడ అల్లడానికొచ్చి వెనక కూర్చుంది. నేను తిరక్కుండానే అడిగేను.

"అమ్మా, ఎడమ పక్క ఎందుకు విప్పేవు?"

దువ్వెన ఆగింది. "ఏ పక్క?"

"జాకెట్లన్నిటికీ."

"నువ్వు బిగుతుగా కుట్టేవు."

"ఆదికే కుట్టేను. కుడి పక్క సరిపోయి ఎడమ పక్క బిగుతవుతుందా?"

"కదలకు, పాయ జారిపోతోంది."

"వీపు చూపించు."

"నోరు ముయ్యి. మామ్మ లేస్తుంది."

"చూపించకపోతే మామ్మనే లేపుతాను."

జడ చివరిదాకా అల్లి, రబ్బరు బ్యాండు వేసి, అప్పుడు చెప్పింది. "నీది ముందు తేలనీ అనుకున్నానే."

"నాదేం తేలాలి?"

"కత్తి తగిలేక పాకిందో లేదో. పాకకపోతే నేనూ చూపించుకుందామని."

అలాగందని కోపం రాలేదండి నాకు. ఆ మాట వెంటనే తను ఇంకోటంది. "పాకుతుందని భయపడుతూనే నిన్ను తీసుకెళ్ళేను. నీకు రక్తం వచ్చింది కదా, ఆగలేకపోయేను. నాకు రాలేదు కదా, ఆగేను." అంతే, అంత మామూలుగా.

హుక్కులు విప్పి చూపించింది. వీపు మీద ఎడమ రెక్క ఎముక కింద, చర్మం లోపల, పండునిమ్మకాయంత. మెత్తగా, వేలు పెడితే పక్కకి జరుగుతోంది. ఆరేళ్ళ నుంచీ ఉందంట. బస్సులో ఎందుకు ముందుకి జరిగిందో అప్పుడు తెలిసింది. నేను ఏడుస్తాననుకున్నాను గానీ, నా చెయ్యి దానంతటదే టేపు అందుకుని ఆ గడ్డని కొలిచింది. అడ్డం రెండంగుళాలు. ఏంటే, దానికీ జాకెట్టు కుడతావా అంది అమ్మ. ఇద్దరం నవ్వేం. నవ్వేక ఏడ్చేం.

ఎనిమిదో రోజు నా కుట్లు విప్పించుకోడానికి వెళ్ళినప్పుడు అమ్మని కూడా డాక్టరమ్మ ముందు కూర్చోబెట్టేను. నాకు నాలుగూ టక్కు టక్కుమని విప్పేసింది. కాకినాడ కాగితం అప్పటికే వచ్చేసింది, ఏమీ లేదు, మామూలు పులిపిరే అంది. అమ్మకి చెయ్యి పెట్టి చూసి, కొవ్వుగడ్డలా ఉందమ్మా, అయినా పెద్దది, పెరిగింది, తీసి పరీక్ష చేయించడమే మంచిదని సర్జన్ గారి దగ్గరికి పంపించింది. తన అక్క సంగతి చెప్పి, కత్తి తగిలితే పాకుతుందా అండీ అని అమ్మ ఆవిణ్ణి సూటిగానే అడిగింది. కత్తికి పాకదమ్మా, ఆలస్యానికి పాకుతుంది కొన్ని, మీ అక్కగారిదీ అలాగే అయ్యుంటుంది అంది ఆవిడ. అమ్మ తలొంచుకుంది. పదమూడేళ్ళ నుంచీ పెద్దమ్మని చంపిన కత్తి అక్కడ అమ్మ చేతిలోంచి జారినట్టనిపించింది నాకు.

అమ్మ దింపుకి ఎవరికీ ఏమీ దాచలేదు. మామ్మకి నాన్నే చెప్పేరు. మామ్మ ఆ రోజు తిట్టలేదు, పూజ దగ్గర కూర్చుని పొద్దున్నుంచీ మధ్యాహ్నం దాకా లేవలేదు. ఆపరేషను గది తలుపు బైట బల్ల మీద ఈసారి నేను కూర్చున్నాను, నాన్న నించునే ఉన్నారు. తొమ్మిది కుట్లు. నాలుగైతే నవ్వగలిగేను, తొమ్మిది చూసి జోకెయ్యలేకపోయేను. కాగితం రావడానికి పన్నెండు రోజులు పట్టింది. ఆ పన్నెండు రోజులూ నాన్న తోటలోకెళ్ళి చెట్టు చెట్టు కిందా నించుని వచ్చేసేవారు. బీరకాయా మిరియాల చారూ మామ్మే వండింది, కోడలికి తన చేత్తో ముద్దలు కలిపి పెట్టింది. అడుగున గుడ్డు నేను పెట్టేను.

కొవ్వుగడ్డే, ఇంకేం లేదని వచ్చింది. ఆ సాయంత్రం వాకిట్లో, అప్పుడు తొందరపడి దింపిన కాయలు ఎండి ముడతలు పడుంటే వాటిని కాలితో దొర్లిస్తా, మాట తక్కువ మా నాన్న ఒక మాటన్నారు. "ముదిరిన కాయని ఇంట్లో ఉంచుకుని, లేత కాయలు దింపేం." అమ్మ విని, మీకు కాయలే కనపడతాయి, మనుషులు కనపడరు అంది. నిజమే కనపడలేదు అన్నారు నాన్న. వాళ్ళిద్దరూ అంతకన్నా ప్రేమగా మాట్లాడుకోవడం నేను వినలేదండి.

ఇప్పుడు మామ్మ లేదు. దింపు చేసే ఆయన చెట్టెక్కడం మానేసేడు, మోకాళ్ళు అరిగిపోయాయి. ఎక్కేవాళ్ళు దొరక్క కాయలు ముదిరి వాటంతటవే రాలుతున్నాయి. బ్రెడ్డూ బత్తాయిలూ పట్టుకుని వీధి వీధంతా దిగడం కూడా లేదు. ఎవరికైనా బాగోపోతే ఫోనులో చేతులు జోడించిన బొమ్మ ఒకటి పంపించి ఊరుకుంటున్నాం. అప్పుడు వాళ్ళకి తెలియకూడదని అంత దాచేమా, ఇప్పుడు చెప్పినా వచ్చేవాళ్ళు లేరు. పోయినవాళ్ళ కథలు చెప్పడానికైనా ఎవరో ఒకరు వస్తే బావుండునని ఒక్కోసారి అనిపిస్తుంది.

నేను మాత్రం ఆ ఏడాది నుంచీ ఆది జాకెట్లు తీసుకోవడం మానేసేను. తెచ్చినా పక్కన పెట్టి, రండి వదినా, రండి అత్తయ్యగారూ అని నిలబెట్టి టేపు వేస్తాను. చాదస్తమంటారు కొందరు. అననీండి. టేపుతో పాటు చెయ్యి కూడా ఒకసారి వీపు మీదుగా పోతుంది. ఇన్నేళ్ళలో ఇద్దర్ని అమలాపురం పంపించేను, మొన్నటి పిల్లతో ముగ్గురు.

అమ్మకిప్పుడు నేను చెప్పక్కర్లేదు. మా అత్తారింటి దాకా తనే వస్తుంది, జడ ముందుకేసుకుని వెనక్కి తిరిగి నిలబడుతుంది. చూడవే, ఏమన్నా కాసిందేమో అంటుంది. ఏం కాయలేదమ్మా అంటాను. ఆ తొమ్మిది కుట్ల గీత మీదుగా ఒంటి చుట్టూ టేపు వేసి కొలిచి, పుస్తకంలో రాసుకుంటాను. పోయినేడాది కన్నా ముప్పావంగుళం తక్కువ. అంతకు ముందేడాది కన్నా అంగుళన్నర తక్కువ. డాక్టరమ్మ అన్ని పరీక్షలూ చూసి, ఏమీ లేదు, వయసమ్మా అంది. వయసుకి కుట్లేస్తారా ఎవరైనా.

కొలతకి సరిగ్గా కోస్తే గుడ్డ బాగా మిగులుతుంది. అయినా నేను కొయ్యను. రెండు పక్కలా లోపల రెండేసి వేళ్ళ గుడ్డ మడిచి వదిలేస్తాను, ఎప్పుడైనా బిగుతైతే విప్పుకుంటుందని. ఇంక విప్పుకునే పని ఉండదని నా చేతికి తెలుసు, తెలిసీ వదులుతుంది.